తొట్టెకూ మంచానికీ మధ్య సందు

ఏమండీ, అమ్మాయినీ దాని పాపనూ తీసుకురావడానికి ఆసుపత్రికి వెళ్తున్నాను. ఈ చీటీ చూడగానే కుట్టుమిషన్ ఆపి ముందు ఈ పని చూడండి. తొట్టెను మంచానికి బిగించే పట్టీలు మీ కత్తెర పెట్టెలో దొరికాయి. తొట్టెకు మీరు కుట్టిన కుచ్చులు నలుగుతున్నాయని విప్పేశారు కదూ? వాటిని మళ్లీ బిగించండి. మీ దూది పరుపు, చుట్టూ పేర్చిన బుల్లి దిండ్లు తీసేసి, తొట్టెతో వచ్చిన గట్టి పరుపే వేయండి.

పొద్దున పాపంత బరువుండే పిండి మూటను తువ్వాలులో చుట్టి తొట్టెలో పడుకోబెట్టాను. తొట్టెకు మంచం వైపున్న పలక దించే ఉంది. నేను మంచం మీద కూర్చుని లేచానో లేదో తొట్టె పక్కకు జరిగింది. మూట మెత్తటి పరుపు మీద దొర్లి సందులోకి జారి ఇరుక్కుపోయింది. చప్పుడు కూడా కాలేదండీ.

మీరు ముచ్చటపడి కుట్టారని తెలుసు. దిండ్లు దాచండి, పాప పెద్దయ్యాక ఆడుకుంటుంది. కానీ ఊళ్లో అందరికీ కొలతలు తీసే మనిషి, ఆ సందు ఒక్కటి చూసుకోలేదేమండీ?

మూట ఇంకా అక్కడే ఉంది. తీయడానికి నాకు చేతులు రాలేదు. మీరే తీయండి.