మొగలిదిబ్బ ట్రాక్టర్లు

1963 సెప్టెంబరు 9, సోమవారం

ఇందుకూరుపేట సమితి ఆఫీసులో నా మొదటి రోజు. నేను ఎవరితోనూ మాట్లాడలేదు. నాతోనూ ఎవరూ మాట్లాడలేదు. ఉద్యోగం నాకు నచ్చింది.

సెప్టెంబరు 12

మద్రాసు నుంచి పెట్టెలు వచ్చాయి. స్టాటిస్టిక్స్ ఆఫీసరు పద్మనాభయ్య గారు తన చేతులతోనే మేకులు పీకారు. లోపల అట్ట కార్డులు. ఇంటికొక కార్డు. కార్డు అంచు చుట్టూ రంధ్రాలు, ఒక్కో రంధ్రానికి ఒక్కో ప్రశ్న. బావి ఉందా, రేడియో ఉందా, ట్రాక్టరు ఉందా, వల ఉందా. ఉంటే ఆ రంధ్రాన్ని అంచు దాకా కత్తిరించాలి. తర్వాత కార్డులన్నీ కట్టగా పట్టుకుని ఒకే రంధ్రంలో సూది దూర్చి పైకెత్తితే, ఉన్నవాళ్ళు కింద రాలిపోతారు, లేనివాళ్ళు సూదికి వేలాడతారు. సార్ అలా మళ్ళీ మళ్ళీ చేసి చూపించారు, కొత్త బొంగరం దొరికినట్టు.

ఇన్నాళ్ళూ ఎవరికేం ఇవ్వాలో ప్రెసిడెంటు గారి అరుగు మీద తేల్చేవారట. ఇకమీదట సూది తేలుస్తుందట. సూదికి కులం లేదు, బావమరిది లేడు అన్నారు. మా అటెండరు హెబ్రోను తల గోక్కుని, అయితే దీనికి జీతమెంత సార్ అన్నాడు.

సెప్టెంబరు 20

గ్రామసేవక్ రమణయ్య గారు సైకిలు మీద ఊరూరా తిరిగి వివరాలు రాసుకొస్తారు. నేను కత్తిరిస్తాను. పెట్టెతో వచ్చిన స్టీలు సూది అప్పుడే వంగింది. నా అల్లిక సూది ఇచ్చాను. కాన్వెంటులో దానితో స్వెట్టర్ అల్లమంటే సగంలో వదిలేశాను. నెల్లూరు ఎండలకు స్వెట్టర్ ఎందుకో సిస్టర్ చెప్పలేదు.

ఇంట్లో పిన్ని, ఆఫీసులో ఏం పని అని అడిగింది. సూదిపని అన్నాను. సంతోషించింది.

అక్టోబరు 3

పై ఆఫీసు మా సమితికి వలలకని నైలాను నూలు ఇస్తుందట. ఎవరికి ఇవ్వాలి? సూదినే అడిగాము. మొదట చేపల వృత్తి రంధ్రం. రాలిన కార్డులు తీసుకుని, మళ్ళీ వల రంధ్రం. అన్నీ రాలిపోయాయి. ఒక్క కార్డు సూదికి వేలాడింది.

కాలువగట్టు ఓబయ్య. ఆయన గాలంతో పట్టుకుంటాడని ఈ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు.

సార్ ఆ పేరు జాబితాలో రాసుకున్నారు. సూది చెప్పిందంటే చెప్పిందే అన్నారు. సముద్రం ఒడ్డున ఉన్న మొగలిదిబ్బ పాళెంలో ఇంటింటికీ వల ఉందట. ఈ తీరంలో అంత కలిగిన ఊరు మరొకటి లేదని పై ఆఫీసుకు వచ్చే వారం రాస్తారట.

అక్టోబరు 5

మొగలిదిబ్బ గురవమ్మ చేపల తట్టతో పెరట్లోకి వచ్చింది. తట్టలో ఏమీ లేనట్టే ఉంది. పిన్ని తొంగి చూసి, పిల్లికి తెచ్చినావా మాకు తెచ్చినావా అంది. పిల్లి కూడా మొగం తిప్పుకునిందిలేమ్మా, అంది గురవమ్మ. పెద్ద వల నీళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో, మా ముక్క కుళ్ళిపోయి కూచునుండాది గదా, అంది.

ముక్క ఏమిటి అని అడిగాను.

పాప మాట్లాడతాదే, నేను మూగపిల్ల అనుకుంటి, అని తట్ట దించి చతికిలబడింది. పాళెం మొత్తానికీ ఉన్నది ఒకటే పెద్ద వల. ఒక్కో ఇల్లు ఒక్కో ముక్క అల్లుకుంటుంది. ఒడ్డున అన్నీ కలిపి కుట్టి సముద్రంలో దింపుతారు, అందరూ తాడు పట్టి లాగుతారు. తర్వాత కుట్టు విప్పి ఎవరి ముక్క వాళ్ళు ఇంటికి తీసుకుపోయి కప్పు మీద ఆరేసుకుంటారు. వలలో ఎవరి ముక్క ఉంటే వాళ్ళకే చేపల్లో పాలు. ఈ ఏడు గురవమ్మ వాళ్ళదీ, మరి కొందరిదీ నూలు కుళ్ళింది. పాళెం కట్టుబాట్లు చూసే పెద్దకాపు పోలేరయ్య, వాళ్ళను వదిలి వల దించేది లేదని మిగతావాళ్ళను ఆపి ఉంచాడు. కానీ జనవరి సీజను దాకానే. అప్పటికీ కొత్త ముక్కలు రాకపోతే, ఉన్నవి దగ్గరకు లాగి కుట్టేస్తారు. గురవమ్మ ఇల్లు వలలోంచి పోతుంది.

పోయినాక ఇంగ తాడు పట్టను కూడా పిలవరు పాపా, అంది. ఆ మాట మాత్రం నవ్వకుండా అంది.

రమణయ్య గారు అడిగితే వల ఉందని చెప్పావా అన్నాను. చెప్పకుండానా? కప్పు మీద ఆరేసిందాన్ని చూపిచ్చినా. వల లేదని చెప్తే మా పిలకాయలకు పిల్లనెవరిస్తారు, అంది.

పాళెంలో ప్రతి ఇల్లూ అదే చెప్పి ఉంటుంది. మా కార్డుల్లో ఒక్క వల అన్ని వలలయింది.

అక్టోబరు 6

రేపు సార్‌కు చెప్పాలి.

అక్టోబరు 7

చెప్పలేదు.

అక్టోబరు 8

గది గుమ్మం దాకా వెళ్ళాను. హెబ్రోను టీ కావాలా అన్నాడు. తాగి వచ్చేశాను. లోపల సార్ ఆ ఉత్తరం డిక్టేట్ చేస్తున్నారు. కలిగిన ఊరు అన్న మాట వినిపించింది.

అక్టోబరు 9

పొద్దున్నే ఎవరూ రాకముందు వెళ్ళాను. మొగలిదిబ్బ కార్డులు తీసి, అంచు రంధ్రాల్లోంచి ట్వైన్ దారం దూర్చి ఒకదానికొకటి కుట్టాను. సార్ టేబులు మీద పరిచాను. రెండు పక్కలా వేలాడాయి.

సార్ వచ్చి ఒక కార్డు పట్టుకున్నారు. అన్నీ లేచి వచ్చాయి. ఏమిటమ్మాయ్ ఇది, ఎన్ని వలలు ఇవి అన్నారు.

ఒకటే, సార్ అన్నాను.

తర్వాత ఎలా చెప్పానో తెలియదు, అంతా చెప్పాను. గురవమ్మ మాటలతో సహా. సార్ కుర్చీలో కూలబడ్డారు. కోపం అనుకున్నాను. నవ్వు.

అక్టోబరు 10

జీపులో మొగలిదిబ్బ. సార్ చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో నడిచారు. పోలేరయ్య మా కార్డును ఎండకు ఎత్తి చూసి, మీ వలకూ బొక్కలే ఉండాయి సారూ, మాదొక్కటే అనుకున్నా, అన్నాడు. కార్డు తిరిగి ఇస్తూ, మా వల ఎట్ట కడతామో మీరూ ఒకసారి చూడండి, అని సార్‌ను కూర్చోబెట్టాడు. సార్ చాలాసేపు చూశారు.

తిరిగి వస్తూ సార్ దిగులు వేరు. కత్తిరించిన అంచు మళ్ళీ అతకదు. కొత్త కార్డులు వచ్చేసరికి వేసవి. ముక్క మాత్రమే ఉంది అనడానికి ఖాళీ రంధ్రం లేదు. మన సమితిలో ఎవరికీ లేనిది ఏది అని అడిగారు. ట్రాక్టరు, సార్ అన్నాను. హెబ్రోను వెనక సీటు నుంచి, నేను సినిమాలో చూసినా సార్, అన్నాడు.

అక్టోబరు 11

మొగలిదిబ్బ కార్డులన్నిటికీ ట్రాక్టరు రంధ్రం కత్తిరించాను, ఇకమీదట దానర్థం వల ముక్క అని. సూది ఎత్తాము. ఊరు ఊరంతా రాలింది. సార్ చప్పట్లు కొట్టారు. పాత ఉత్తరం చించి, ముక్కలు కుళ్ళిన మొగలిదిబ్బ ఇళ్ళకు నూలు కావాలని కొత్తది రాశారు. కార్డులు కూడా పై ఆఫీసుకు పంపాము.

నవంబరు 17

వాన. గురవమ్మ రావడం లేదు.

డిసెంబరు 19

నూలు వచ్చింది. తెల్లగా, జారుతూ ఉంది. ఓబయ్య పేరు కూడా జాబితాలో ఉండిపోయింది. నాకు వల ఏందమ్మా, దీంతో గేదెను కట్టేసుకుంటా, అని తన వాటా తీసుకుపోయాడు. గురవమ్మ పళ్ళతో కొరికి చూసింది. కుళ్ళదా అని అడిగింది. కుళ్ళదు అన్నాను. అయితే రేపు మా ఇంటికొచ్చే కోడలికి అల్లను పనేముంటాది, అంది.

1964 జనవరి 24

వల దిగింది. మధ్యలో గురవమ్మ వాళ్ళ ముక్క తెల్లగా కనిపిస్తోంది. తాడు లాగుతూ ఆమె పెనిమిటి మిగతావాళ్ళకంటే గట్టిగా కేకలు పెట్టాడు. నన్నూ తాడు పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. నేను లాగినందువల్ల ఏమీ జరిగి ఉండదు. అయినా చేతులు మండుతున్నాయి, మందు రాయలేదు.

మార్చి 11

పొద్దున ఒక మనిషి స్పానర్ల సంచితో ఆఫీసుకు వచ్చాడు. పేరు వెంకయ్య. మెకానిక్. ఇంటింటికీ ట్రాక్టరు ఉన్న మొగలిదిబ్బకు దారి ఎటు అని అడిగాడు. పై ఆఫీసు పంపిందట. రంధ్రం అర్థం మార్చామని మేము వాళ్ళకు చెప్పలేదు. సార్ లేరు. దారి చూపించాను.

సాయంత్రం తిరిగి వచ్చాడు. పంచె మోకాళ్ళ దాకా తడి, అరచేతులు ఎర్రగా, సంచిలో స్పానర్ల మీద రెండు వంజరం చేపలు. ట్రాక్టర్లు ఎక్కడని అడిగితే పోలేరయ్య తాడు లాగే వరసను చూపించి, ఇయ్యే, ఒకటి తక్కువగా ఉండాది, నువ్వు పట్టు అన్నాడట.

రిపోర్టులో ఏం రాయాలమ్మా అని నన్ను అడిగాడు.

అన్నీ నడుస్తున్నాయని రాయమన్నాను.