వ్యాను బ్రేకులు, అత్తయ్య కళ్ళజోడు

ఏమండీ, ఇక్కడ ముగ్గురం క్షేమం. ఆ మాట నమ్మి మిగతాది చదవండి.

సోమవారం కూరగాయల లోడుతో వంతెన దిగుతుంటే మన పాత వ్యానుకి బ్రేకులు పడలేదు. గేరు తగ్గించి, రోడ్డు పక్క ఇసుక కుప్ప మీదికి ఎక్కించేశాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"బ్రేకులు మార్చందే తాళం ఇవ్వనమ్మా" అన్నాడు మెకానిక్. ఇంట్లో ఉన్నది అత్తయ్య కళ్ళజోడుకని దాచిన డబ్బొక్కటే. నేను నోరు తెరవకముందే ఆవిడే తెచ్చి చేతిలో పెట్టారు.

"జోడు లేకపోతే నువ్వు మసగ్గా కనిపిస్తావు, అంతే. బ్రేకులు లేకపోతే అసలు కనిపించవు" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

ఇప్పుడు వ్యాను బాగానే నడుస్తోంది. అద్దె కట్టేశాను. జాకీ ఎక్కడ పెట్టారు? పాపకి బడి బూట్లు బిగుతయ్యాయి, వచ్చే నెల చూద్దాం. ఈసారి మీరు పంపేది కళ్ళజోడుకే. అందాకా ఉత్తరం పెద్ద అక్షరాలతో రాయండి. నేను చదివి వినిపిస్తానంటే అత్తయ్య వద్దంటారు, కొడుకు రాసింది తానే చదువుకోవాలట.

కింద ఒకదాని మీద ఒకటి ఎక్కిన అక్షరాలు ఆవిడవే. నన్ను పక్కకి జరగమని, తడుముకుంటూ రాసిన దీవెనలు.