పది గంటల ఫోన్

జులై 6, ఆదివారం. ఉ. 10:15

హంసిక ఫోన్ ఆరు నిమిషాలు ఆలస్యం. మనవరాలు కెన్యా సరిహద్దులోని ఆ ఊరికి వెళ్లి పన్నెండు రోజులు. బోరుకి సోలార్ పంప్ బిగించే పని. అక్కడ నిన్న రెండు గంటలు కరెంటు, ఇవాళ లేదు. ఇంటికి రోజుకి ఇరవై లీటర్ల డబ్బా ఒక్కటే. నోట్‌బుక్‌లో రాశాను. ఆలస్యానికి కోప్పడ్డాను. సారీ అమ్మమ్మా, దారిలో మేకలు అడ్డం వచ్చాయి, వాటికి నీ రూల్స్ తెలీవు అంది. పదంటే పదే అన్నాను.

జులై 8

10:00. సరిగ్గా చేసింది.

ఇక్కడ అమెరికాలో, మా క్యారీ ఇంటి లాన్‌కి స్ప్రింక్లర్ ఇరవై నిమిషాలు తిరుగుతుంది. లెక్క వేశాను. అక్కడ ముప్పై ఎనిమిది ఇళ్లకు ఒక రోజు నీళ్లు. ఆపేశాను. గడ్డి ఎండితే కాలనీ అసోసియేషన్, ఆ HOA వాళ్లు లెటర్ పంపిస్తారమ్మా అంది నా కూతురు వసుమతి. పంపనీ, చదువుతాను అన్నాను.

జులై 11

నోట్‌బుక్‌లో తేడా కనబడింది. ఆరు రోజులుగా ఊళ్లో కరెంటు లేదు, టవర్ జనరేటర్‌కి డీజిల్ లేదు. మరి ఫోన్ ఎలా చేస్తోంది? అడిగాను. బోర్డర్ గేట్ దాటి ఇథియోపియా వైపు వెళ్తే సిగ్నల్ ఫుల్ అమ్మమ్మా అంది. తెలివైన పిల్ల అనుకున్నాను. అంతే అనుకున్నాను.

జులై 14

10:00. లేదు.
10:30. లేదు.
11:15. లేదు. వసుమతి ఆఫీస్ నుంచి వచ్చేసింది.

జులై 15. ఉ. 7:00

ఇప్పుడే చేసింది. క్షేమం. నిన్న అవతల కూడా సిగ్నల్ పోయిందట. నేను కోప్పడతానని, ఇంకో పది నిమిషాలు, ఇంకో పది నిమిషాలు అంటూ అక్కడే నిలబడిందట. వాళ్ల టైమ్ సాయంత్రం ఆరుకి, అంటే మాకు పొద్దున పదకొండుకి, గేట్ మూసేశారు. టీ అమ్మే ఒకావిడ ఇంట్లో పడుకోనిచ్చింది. ఉన్న ఒక్క చాపా దీనికిచ్చి ఆవిడ గోనెసంచి పరుచుకుందట. నీలాగే స్ట్రిక్ట్ అమ్మమ్మా, గ్లాసు ఖాళీ అయ్యేదాకా లేవనివ్వలేదు అంది.

వసుమతి ఏడ్చింది. టికెట్ బుక్ చేస్తాను, వచ్చెయ్ అంది. వారంలో పంప్ ఆన్ చేస్తాం మామ్, ఇప్పుడు రాను అంది హంసిక. వసుమతి నా వైపు తిరిగి, అమ్మా, అది రోజూ గేట్ దాటింది నీ పది గంటల కోసమే అంది.

నిజమే. ముప్పై నాలుగేళ్లు లెక్కల టీచర్ని. ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని గేట్ బయట నిలబెట్టేదాన్ని. నిన్న దీన్నీ నిలబెట్టాను.

ఫోన్ తీసుకున్నాను. ఇక గేట్ దాటకు, టవర్ పనిచేసిన రోజు ఊళ్లోంచే మిస్డ్ కాల్ ఇవ్వు అన్నాను. మీ తాతగారు కర్నూలులో బస్సు దిగి అలాగే ఇచ్చేవారు. ఒకటిస్తే క్షేమం. నీళ్లు వచ్చిన రోజు రెండు.

ఎన్నింటికి అని అడిగింది. టైమంటూ ఏం లేదన్నాను. ఆర్ యు ఓకే అమ్మమ్మా అంది.

జులై 17

లేదు. పది గంటలకి వాకింగ్‌కి వెళ్లాను. ఫోన్ పట్టుకునే వెళ్లాను.

జులై 19

మ. 12:22. ఒకటి.

HOA లెటర్ వచ్చింది. చదివాను.

జులై 23

రెండు. టైమ్ చూసుకోలేదు.