ఎడారి పాఠంలో వాన

బావమరిదికి దీవెనలు.

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మన ఇంటి నడిమి గదిలోని కంప్యూటరు అనబడు యంత్రము గత కొంతకాలంగా ఎడతెరిపి లేకుండా వాన కురిపించుచున్నది. తడిసినవారు లేరు. చెవులు పోయినవారు ఇద్దరు: మీ అక్క, నేను.

నవ్వకు. చూపులేని పిల్లల బడి కోసం మీ అక్క పాఠాలు చదివి రికార్డు చేసి పంపుతోంది కదా. ఈమధ్య చవగ్గా కొన్న ఆ కంప్యూటరేమో ఎవడో ఆటలాడీ ఆడీ వదిలేసింది. దాని పొట్టలో మూడు ఫ్యాన్లు. ఆన్ చేస్తే జోరువాన చప్పుడు, పిండిమరలో కూర్చున్నట్టే. ఆ రొదలో వినపడాలని మీ అక్క అరిచి చదువుతోంది. గొంతు జీరబోయింది. "ఈ పుస్తకం అయ్యాక మానేస్తా" అంటోంది. పైగా బడివాళ్ళు కబురు పెట్టారు: "అమ్మా, మీ పాఠాలన్నిటిలోనూ వాన పడుతోంది. ఎడారి పాఠంలో కూడా పడింది. ఇలాగైతే వేరేవాళ్ళని చూసుకుంటాం" అని.

ఆ చదవడం లేకపోతే మీ అక్క ఏమైపోతుందో నీకు తెలుసు. నిన్నడగమంటే "వాడి తిప్పలు వాడికున్నాయి" అంటుంది. ఫోన్ చేస్తే పక్కనుంచి లాక్కుంటుంది. అందుకే ఈ ఉత్తరం. కంప్యూటర్లు బిగించేవాడివి, ఏదో ఒకటి చెయ్యి.

ఇట్లు,
గొడుగులు బాగుచేసే నీ బావ

తా.క.: ఇంట్లో ఇంత వాన పడుతున్నా మన వరండా కొట్టుకి ఒక్క గొడుగూ రావడం లేదు. ఇదెక్కడి న్యాయం?

---

బావగారికి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివాక షాపులో చెయ్యాడలేదు. అక్క గొంతు అలా అయ్యేదాకా నాకెందుకు చెప్పలేదు బావా?

ఒక చిన్న పెట్టె పంపుతున్నా. లోపలున్న మదర్‌బోర్డు నీ అరచెయ్యంత. ప్రాసెసర్ దానికే అతికించి ఉంటుంది. పాతది ఊరికే కూర్చున్నా రెండు సీలింగు ఫ్యాన్లంత కరెంటు తాగుతుంది. ఇది చిన్న బల్బంత. కరెంటు తక్కువ కాబట్టి వేడి తక్కువ, వేడి తక్కువ కాబట్టి ఫ్యాన్ అక్కర్లేదు, ఫ్యాన్ లేదు కాబట్టి వానా లేదు.

ముందే చెబుతున్నా, ఇది పందెం గుర్రం కాదు. పెద్ద పెద్ద ఆటలు దీనివల్ల కావు. గొంతు రికార్డు చేసి, తప్పులు కత్తిరించుకోవడానికి మాత్రం ఢోకా లేదు.

ఇట్లు,
నీ బావమరిది

తా.క.: నీ తెలివితేటలు దాని మీద ప్రయోగించకు. నువ్వు విప్పిన మా నాన్న గడియారం ఏమైందో ఇంకా మర్చిపోలేదు.

---

బావమరిదికి దీవెనలు.

పార్సిల్ చేరింది. చచ్చిపోయి చేరింది.

మీట నొక్కాను. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాను. లేదు. పొద్దుణ్ణించీ నొక్కుతూనే ఉన్నా, వేలు వాచింది. మనింట్లో ఏదైనా అరిస్తేనే బతికున్నట్టు లెక్క. మిక్సీ అరుస్తుంది, నీళ్ళ మోటారు అరుస్తుంది, నేను అరుస్తా. ఇది మూలుగైనా మూలగదే! మిక్సీ మెకానిక్కుని పిలిచా. పెట్టెకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, "నాడి అందట్లేదు" అన్నాడు. పాతదాని మీద వెచ్చగా పడుకునే పిల్లి దీని మీదెక్కి, కాసేపు కూర్చుని, నేనేదో మోసం చేసినట్టు చూసి దిగిపోయింది.

మీ అక్క "మా తమ్ముడు పంపింది చెడిపోదు. మీ చెయ్యి పడుంటుంది" అని తీర్పు చెప్పేసింది. ఈ నెలాఖరుకి పుస్తకం పంపాలి. పాతదే తగిలించి మళ్ళీ అరుస్తోంది. వినలేకపోతున్నానురా.

ఇట్లు,
వేలు వాచిన బావ

తా.క.: దాని నెత్తిన అల్యూమినియం దువ్వెన ఒకటుంది. నాకిచ్చావనుకుంటా. బట్టతలవాడికి దువ్వెనా? చాల్లే నీ వెటకారం.

---

బావా,

నమస్కారం తర్వాత పెడతా. ముందు ఆ మీట మీంచి చెయ్యి తియ్యి!

నువ్వు ఒకసారి నొక్కితే అది లేస్తుంది. కళ్ళు తెరిచేలోపు మళ్ళీ నొక్కి పడుకోబెడుతున్నావు. పాపం, అది పొద్దుణ్ణించీ నిద్రకీ మెలకువకీ మధ్య చచ్చింది. ఒక్కసారి నొక్కు. గ్లాసుడు మంచినీళ్ళు తాగు. పచ్చ దీపం వెలిగితే బతికున్నట్టే. ఆ దువ్వెన వేడి దిగడానికి, తల దువ్వుకోవడానికి కాదు.

ఇట్లు,
తల పట్టుకున్న బావమరిది

తా.క.: నీకెప్పుడైనా ఒంట్లో బాగోలేకపోతే, ఆ మిక్సీ మెకానిక్కు నాడి చూస్తానంటే మాత్రం ఒప్పుకోకు.

---

బావమరిదికి వెయ్యి దీవెనలు.

బతికింది! పచ్చ దీపం వెలిగింది. మీ అక్క అరవకుండా, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు చదివింది. నాలుగు రోజులకి గొంతు తేటపడింది. కత్తిరింపుల దగ్గర కాస్త నెమ్మదే, పాఠం సర్ది ఇవ్వమంటే "ఉండండి, చూస్తున్నా" అనే గుమాస్తాలా ఆలోచిస్తుంది. ఆలోచించనీ. ఆవిడ ఈలోగా టీ తాగుతోంది. పెట్టె మీద చెయ్యి వేసి చూస్తే జ్వరం తగ్గిన పిల్లాడి నుదురులా ఉంది.

కానీ వాన వెలిశాక ఊరంతా కనపడినట్టు, ఫ్యాన్లు పోయాక ఇల్లంతా వినపడుతోంది. పాఠంలో రాజుగారు కొలువులో లేచి నిలబడి "సేనాపతీ!" అనగానే వెనకనుంచి నా గొంతు: "పాలు పొంగుతున్నాయేవ్!" యుద్ధం మధ్యలో నా గురక. దాన్ని ఏనుగు ఘీంకారమని ఉంచేద్దామన్నా. మీ అక్క వినలేదు. చదివేటప్పుడు నన్ను వరండాలోకి వెళ్ళగొట్టి తలుపేస్తోంది.

పుస్తకం వేళకి వెళ్ళింది. మానేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. నీ మేలు మర్చిపోనురా.

ఇట్లు,
ఇంట్లోంచి బహిష్కరించబడిన బావ

తా.క.: పిల్లి నాతోనే వరండాలో ఉంటోంది. ఇద్దరం కలిసి నిన్ను తిట్టుకుంటున్నాం, ప్రేమగానే.

---

బావగారికి నమస్కారాలు.

అక్క ఫోన్లో మాట్లాడితే నా చిన్నప్పుడు విన్న గొంతే వినపడింది. షాపులో అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నా.

అయితే బావా, ఒక చిక్కొచ్చింది. మా అక్క చదివితే వంక పెడతారా అని ఒళ్ళు మండి, ఆ బడి పెద్దమ్మగారికి ఘాటుగా ఒక ఉత్తరం రాశాను, "ఇక మీ ఎడారుల్లో వాన పడదు, నిశ్చింతగా ఉండండి" అని. ఆవిడ జవాబిచ్చారు: "ఏ వాన నాయనా? ఆమెలాంటి మనిషి దొరకడమే మా అదృష్టం. మేమెప్పుడూ ఏమీ అనలేదే?"

నన్ను పిచ్చివాడనుకుంటున్నారు. ఏమిటిది?

ఇట్లు,
అయోమయంలో ఉన్న బావమరిది

తా.క.: జవాబు అక్క చేత రాయించకు. నువ్వే రాయి, దొంగా.

---

బావమరిదికి దీవెనలు, దండాలు కూడా.

దొరికిపోయాను. ఏడో క్లాసులో బడి మానేసినవాణ్ణని నీకు తెలుసుగా. వరండాలో గొడుగులు కుట్టుకుంటూ, తలుపు అవతలనుంచి మీ అక్క పాఠాలు వినడం నాకలవాటు. తిమింగలం గుడ్లు పెట్టదని నాకు నిరుడే తెలిసింది. ఆ పాడు కంప్యూటరు వచ్చాక అన్నీ సగం సగమే. నదుల పాఠంలో ఒక నది కొండ దిగింది, ఫ్యాన్లు లేచాయి, అది ఎక్కడ కలిసిందో ఇప్పటికీ తెలీదు. "నాకు వినపడట్లేదురా" అని రాస్తే నువ్వు చెవుల డాక్టరు దగ్గరికి పొమ్మంటావు.

ఇప్పుడు ప్రతి ముక్కా వినపడుతోంది. ఈ వయసులో నన్ను మళ్ళీ బళ్ళో వేశావు, అదీ చిన్న బల్బంత కరెంటుతో. బహిష్కారమని మీ అక్క అనుకుంటోంది. ముందు బెంచీ అని నేననుకుంటున్నా.

ఇట్లు,
నీ బావ, విద్యార్థి

తా.క.: మీ అక్క గొంతు జీరబోవడం నిజం, మానేస్తాననడం నిజం, పిల్లి నిజం. బడివాళ్ళన్న ఆ వాన ఒక్కటే నా కల్పన. గొడుగులు కుట్టేవాడికి అబద్ధమాడాలంటే వాన తప్ప ఇంకేం తోస్తుందిరా?