వెనక సీటు బరువు

మదనపల్లె,
శుక్రవారం.

పాపక్కకు, నీ తమ్ముడు దేవరాజులు దండాలు పెట్టి రాసుకునేది. ఈడ మేమంతా బాగుండాము. కుప్పంలో నువ్వు, బావ, పెండ్లికూతురు యమున కులాసాగా ఉండారని తలస్తాను.

నీ జాబు అందింది. "ఫోన్లో అడిగితే ఊఁ ఊఁ అని పెట్టేస్తావు, ఈసారి కాగితం మీద చెప్పు" అని రాసినావు గదా, అందుకే కూర్చున్నా. పెండ్లికి టమోటాలు నేనే తెస్తా, మార్కెట్లో చెప్పిపెట్టినా. బావ ఇన్నోవా బాడుగకు మాట్లాడతానంటే వద్దను. మనింట్లో ఏ ఆడపిల్ల పెండ్లయినా నాయన బీటిల్ కారులోనే మండపానికి పోవాల. మేనమామ తోలాల, ఆయన పెండ్లాం సారె తట్ట ఒళ్లో పెట్టుకోని పెండ్లికూతురి పక్కన కూర్చోవాల. నీ పెండ్లికీ అంతే, యమునకీ అంతే.

ఇంగ కారు సంగతి. ఏం చెప్పేదక్కా, తల తిరిగిపోతాండాది. నాయన దాంట్లో టమోటా బాక్సులు మోసి మోసి వెనక భాగం కుంగిపోయింది. స్పీడ్ బ్రేకర్ వస్తే సాలు, కింద పైపు గర్రుమని గీసుకుంటాది. లేపుదామని సూస్తే దానికి లారీల మాదిరి కమాను పట్టీలు లేవు. చక్రానికొకటి అడ్డంగా ఇనుప కడ్డీ ఉండాది, టార్షన్ బార్ అంటారు. అది మెలితిరిగి బరువు మోస్తాది. కడ్డీ రెండు కొనలకూ గేర్ల మాదిరి పండ్లుంటాయి. లోపలి కొనను ఒక పల్లు ఇట్ల, బయటి కొనను ఒక పల్లు అట్ల తిప్పితే రవ్వంత లేస్తాది. ఏది ఇట్లనో ఏది అట్లనో, అదే నా బుర్రకెక్కదు. బోరు మోటార్లు విప్పుకునే నాకు ఇదేం గ్రహచారమో! మొదటిసారి తిప్పితే ఎడమ పక్క లేసింది, కుడి పక్క ఇంకా కూలబడింది. పక్క షెడ్డులో ట్రాక్టర్లు బాగుచేసే గంగులప్ప సూసి, "ఏందప్పా, కుక్క కాలెత్తినట్టుండాదే" అని పడి పడి నగినాడు.

రెండు పక్కలూ సమం చేసేసరికి ఇంగో తంటా. ఎత్తు సూసేది ఖాళీ కారుకా, మనుషులు కూర్చున్నాకనా? ఎక్కువ లేపితే పలమనేరు అడవి మలుపుల్లో వెనక తూలుతాది. తక్కువైతే నేలకు తగుల్తాది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సరే అని వెనక సీట్లో రెండు శెనక్కాయ మూటలు పెట్టినా, యమున బరువుకొకటి, నా పెండ్లాం కుమారి బరువుకొకటి. "నీ పెండ్లాం మూటలో ఇంగో నాలుగు దోసిళ్లు పొయ్యప్పా" అన్నాడు గంగులప్ప. పొయ్యాల్నో తియ్యాల్నో నాకు తెలిస్తే గదా! ఇన్నేండ్లు కాపురం చేసినా గానీ ఆ మనిషి బరువెంతో నాకు తెలీదు.

"మూటలెందుకురా, కుమారినే కూర్చోబెట్టి కొలవచ్చు గదా" అంటావు. కుమారి ఫోన్‌కి యాల రాదని జాబులో అడిగినావు. గుడికి పోయింది, నిద్రపోయింది అని నీకు చెప్తా వచ్చినా. అంతా అబద్ధమక్కా. పైన మేమంతా అని రాసినా గానీ, ఈడ ఉండేది నేనొక్కడినే. ఉగాదికి ముందు నుంచి కుమారి పుంగనూరులో వాళ్లమ్మ సిద్ధమ్మత్త కాడ ఉండాది.

సిద్ధమ్మత్తకు ఒంట్లో బాగలేదని కబురొస్తే, కుమారి సంచి సర్దుకోని వాకిట్లో నిలబడింది. నేను కడ్డీలు విప్పి పెట్టుకోనుండా. "ఈ పల్లు ఒక్కటి తిప్పేస్తే అయిపాయ, కారులోనే పోదాం" అన్నా. మధ్యాన్నమాయ, పొద్దు వాలె, అదే మాట చెప్తానే ఉండా. కారు కింద నుంచి బయటికొచ్చి సూస్తే సంచీ లేదు, మనిషీ లేదు. బస్సెక్కి ఎళ్లిపోయింది. అత్తకు నయమై శానా దినాలాయ, కుమారి మాత్రం రాలేదు. తప్పు నాదే. ఏం మొగం పెట్టుకోని పిల్సాల్నో తెలీక పుంగనూరు పక్కకే పోలేదు.

మొన్న ధైర్యం చేసి కారు పుంగనూరికి తోలినా, వెనక సీట్లో మూటలతోనే. కుమారి బయటికొచ్చి, "ఈ మూటలేంది?" అనె.

"ఇది యమున, ఇది నువ్వు. ఎత్తు సూసేదానికి" అన్నా.

"ఓహో, నేను మూటనా! అట్లయితే పెండ్లికి కూడా దాన్నే కూర్చోబెట్టుకోని పో" అని విసురుగా లోపలికి పోయింది. పోయి, మళ్లా వచ్చింది. తన మూటను లాగి వాకిట్లో పడేసి, కొంగు దోపుకోని సీట్లో కూర్చుంది. "ఊఁ, కొల్సుకో" అనె. నేలమీద పండుకోని కొలిచినా. "అయిందా?" అనె, "అయింది" అన్నా. దిగి లోపలికి పోయి తలుపేసుకునింది. పెండ్లికి వస్తావా అని అడక్కుండానే కారు తిప్పుకోని వచ్చేసినా. అది కోపమా, జాలా, రాజీనా? ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు. ఆడమనిషివి, నీకేమన్నా తెలుస్తాదా?

ఇంటికొచ్చి, కుమారి కూర్చున్నప్పటి కొలతకే పండ్లు సరిచేసి బోల్టులు బిగించేసినా. ఇంగ విప్పను. పెండ్లినాడు ఆ మనిషి వస్తే కారు సమంగా నిలబడతాది. రాకపోతే వెనక పైకి లేసే ఉంటాది. మండపం ముందర నిలబడిన బంధువులందరికీ, నేను నోరు తెరవకముందే తెలిసిపోతాది. అప్పుడు నన్నేమీ అడగొద్దక్కా, యమునను దించుకోని లోపలికి పిల్చుకోని పో.

ఇట్లు,
ఏమీ పాలుపోని నీ తమ్ముడు,
దేవరాజులు