రెండు మార్కెట్లు

ఏప్రిల్ 1, మంగళవారం. సూర్యాపేట.

నిన్నటితో పీఈటీ ఉద్యోగం అయిపోయింది. శాలువా, పూలదండ, గోడ గడియారం. టైముతో పని లేనివాడికి గడియారం ఇవ్వడం మనవాళ్లకే చెల్లింది. విజిల్ మాత్రం స్కూల్లో అప్పగించకుండా జేబులో వేసుకొచ్చాను. పొద్దున ఐదింటికే మెలకువ... షూ వేసుకున్నాక గుర్తొచ్చింది. విప్పేశాను.

ఏప్రిల్ 3, గురువారం.

నాది కొత్త పెన్షన్. జీతంలో నెలనెలా కోసిన డబ్బు షేర్లలో ఉంది. ఇప్పుడు కొంత చేతికిస్తారు, మిగతాది ఒక కంపెనీకి కట్టాలి. కట్టిన రోజు ఎంత ఉందో దాన్నిబట్టి నెలకింత అని తేలుస్తారు. ఇక మార్పు లేదు. నేనున్నన్నాళ్లు అంతే, నా తర్వాత నా భార్య సునీతకూ అంతే. ధర బాగున్న రోజు చూసి సంతకం పెట్టాలట. ఆగొచ్చు. ఆగినన్నాళ్లు చేతికి పైసా రాదు.

ఏప్రిల్ 7, సోమవారం.

ఎక్కడో దేశాలు సుంకాల మీద కొట్లాడుకుంటున్నాయి, ఇక్కడ నా పెన్షన్ షేర్లు పడిపోయాయి. ఫోన్ నిండా ఎరుపు. సునీత తొంగి చూసి, "గిదంతా మనదేనా?" అంది. పిండి చేత్తోనే ఫోన్ బోర్లా పెట్టింది.

ఏప్రిల్ 8, మంగళవారం.

తుంగతుర్తి నుంచి అక్క ఫోన్. మార్కెట్ పడిందన్నాను. సంతకం పెట్టాలా, ఆగాలా తేలడం లేదన్నాను. సాయంత్రం మళ్లీ ఫోన్ — ఈసారి మన సూర్యాపేట మార్కెట్ యార్డు నుంచే. వడ్లు తెచ్చిందట.

"నువ్వన్నది నిజమే తమ్మీ, ధర లేదు. వడ్లు అమ్మిపెట్టే అడ్తిదారును అడిగిన. జర వారం ఆగుమంటుండు. నేను ఆగుతున్న. నువ్వు గూడ ఆగు."

నా మార్కెట్ వేరని చెప్పబోయి ఊరుకున్నాను. టీవీలో కోటు వేసుకున్నాయన చెప్పిందీ ఆ మాటే.

ఏప్రిల్ 9, బుధవారం. కోదాడ.

స్కూల్లో మిగిలిన కాగితాల పని. తోటి టీచరు వెంకటేశ్వర్లు సార్ టీ తాగించాడు. మా ఇద్దరికీ ఉద్యోగం ఆర్డర్ ఒకే రోజు వచ్చింది. ఆయన మర్నాడే చేరాడు — పాత పెన్షన్. మార్కెట్ లేచినా పడినా ఆయనకు రావలసింది వస్తుంది. నేనూ బయల్దేరాను, అక్క అడ్డం పడింది. "ఆషాఢంల కొత్త కొలువు వద్దు తమ్మీ, శ్రావణం రానీ." శ్రావణం వచ్చింది. మంచి రోజు చూసి, కొబ్బరికాయ కొట్టి చేరాను. ఈలోగా రూలు మారింది, నాకు కొత్త పెన్షన్ పడింది రాత.

"ఏం కాదండీ, కొన్నాళ్లు ఆగి చూడండి," అన్నాడు సార్. ఒడ్డున కూర్చున్నవాడు ఎన్నైనా చెబుతాడు. కోపం వచ్చింది. టీ బాగానే ఉంది.

ఏప్రిల్ 15, మంగళవారం. మిర్యాలగూడ.

ఆగాలన్నా తిండి తినాలి కదా. రైస్ మిల్లులో పనికి కుదిరాను, సీజన్ అయ్యేదాకా. వడ్ల ట్రాక్టర్లు వేములపల్లి వైపు బారులు తీరి ఉన్నాయి. వరుస తప్పకుండా చూడాలి. విజిల్ ఊదాను... ఒక డ్రైవర్ తల బయట పెట్టి, "అరె, మన పీఈటీ సార్! అప్పుడు గూడ మమ్మల్ని గిట్లనే ఎండల నిలబెడుతుంటిరి!" పేరు గుర్తు రాలేదు. నవ్వి చేయి ఊపాను. సిగ్గేసింది.

ఏప్రిల్ 16, బుధవారం.

సాయంత్రం గాలివాన. అక్క వడ్లు ఇంకా యార్డులోనే ఉన్నాయి. ఫోన్ ఎత్తడం లేదు.

ఏప్రిల్ 17, గురువారం.

మళ్లీ వాన. తడిసిన వడ్లు మిల్లువాళ్లు దించుకోవడం లేదు. ట్రాక్టర్లు వెనక్కి తిరుగుతున్నాయి. ఎల్లుండి నుంచి నాకూ పని ఉండదట.

ఏప్రిల్ 19, శనివారం. సూర్యాపేట.

పొద్దున్నే యార్డుకు వెళ్లాను. వడ్ల మీద కప్పిన పరదా చిరిగిపోయి గోడకు చుట్టుకుని ఉంది. రాశి అడుగంతా బురద. అక్క దోసిట్లోకి తీసి చూపించింది. తెల్లగా మొలకలు. తేమ చూసే మనిషి మిషన్ కూడా పెట్టలేదు, తల అడ్డంగా ఊపి పక్క రాశికి వెళ్లాడు.

"ఇగ అమ్మేసిన తమ్మీ. ఎంతిస్తే గంత."

మెట్టు మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

"నీదేమైంది? అది గూడ మొలకొచ్చిందా?"

నవ్వాను. ఆమె నవ్వలేదు. చేతులకంటిన మట్టి కొంగుతో తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా — "మొన్న ఆగుమన్నది నేనే. ఆషాఢం అన్నది గూడ నేనే. ఇగ నన్ను అడగకు తమ్మీ."

ఇన్నేళ్లలో ఆషాఢం మాట ఎత్తడం ఇదే మొదటిసారి. మర్చిపోయిందనుకున్నాను. ఒక్క రోజు కూడా మర్చిపోలేదన్నమాట. ఏదో ఒకటి అనాల్సింది. టీ తాగుదామా అన్నాను.

ఇంటికొచ్చి ఫోన్ తెరిచాను. పెన్షన్ ఫారం సంతకం పెట్టాల్సిన చోటే ఆగి ఉంది. సునీత పక్కన నిలబడి, "పెడతరా, ఆగుతరా?" అంది. నెల సామాను అయిపోవచ్చింది, ఆ సంగతి మాత్రం అనలేదు.

రేపు ఆదివారం. రెండు మార్కెట్లూ సెలవు.