మీ దవడ బాగైనంక

మా అక్కకు పానం బాగలేదట, కోదాడ పోతున్న. రేపు పొద్దుగాల వస్త. అన్నం మెత్తగ వండి పెట్టిన, పప్పుల కలుపుకొని తినుండ్రి. తిన్నంక డాక్టర్ చెప్పినట్టు అద్దం ముందర నిలబడి, మూడు వేళ్లు పట్టేదాక నోరు మెల్లగ తెరిచి మూయుండ్రి.

మీ అంగీ జేబుల మళ్ల వడ్ల పొట్టు దొరికింది. మిల్లుల తేమ సూసే మిషన్ ఉండంగ గింజ కొరికి సూసుడేంది? త్రిపురారం రైతులు మిషన్ కంటె మీ పంటినే నమ్ముతరని నాకు తెలుసు. కానీ చెవి ముందట సూదులు గుచ్చి దవడ కీలు కడిగి ఇంక నాలుగు నెలలు గూడ కాలేదు. జర ఆగుండ్రి.

ఆపరేషన్ అయినంక ఎట్లున్నరని దవాఖానోళ్లు పంపిన కాగితం టీవీ కాడ ఉన్నది. తినుడు, ఆవలించుడు, నిద్ర, అన్నీ బాగున్నయని నేనే రాసిన. ‘ఇంట్లో వాళ్లతో మాట్లాడటం’ అన్నకాడ మాత్రం ఖాళీ ఉంచిన. రెండేండ్లు మీరు నేను చేసిన కరకరలాడే సకినాలు పక్కకు నెట్టి, మాట లేకుండ లేచి అవతలికి పోతుంటే నా మీద కోపమనుకున్న. దవడ నొప్పితోని అని డాక్టర్ చెప్పినంకనే తెలిసింది. ఇప్పుడు నొప్పి లేదంటున్నరు. ఆ ఖాళీ మీరే నింపుండ్రి.

ప్రేమలత

నిన్న ఫోన్ల మిల్లు హమాలీతోని గట్టిగ నవ్విన్రు. వంటింట్ల మిక్సీ బంద్ చేసి, ఆ నవ్వు అయిపోయేదాక నిలబడి విన్న.